లక్ష్యం దగ్గర

తిరుపతి బాలాజీ కాలనీలో నా జిరాక్సు కొట్టు.
పేజీ రెండు రూపాయలు, బయోడేటా ముప్పై.
పేరు మారుస్తా, ఊరు మారుస్తా,
'లక్ష్యం' దగ్గర మాత్రం
ఎనిమిదేళ్లుగా ఒకటే వాక్యం.
'పేరున్న సంస్థలో నా నైపుణ్యాన్ని' అని మొదలవుతుంది,
చివరిదాకా ఎవరూ చదవరు.
అద్దెకు తెచ్చిన కోటులా
యూనివర్సిటీ పిల్లలు తలా ఒకరోజు తొడుక్కుపోతారు.

నిన్న చెంగల్రాయులొచ్చినాడు, కార్వేటినగరం.
తెల్లారితే శ్రీసిటీలో ఇంటర్వ్యూ.
కరెంటు పోయింది. కూర్చున్నాం.
ఊరికే అడిగినా:
"ఏ పని చేస్తా ఉంటే నీకు ఆకలి తెలీదు నాయనా?"

సిగ్గుపడినాడు.
"బోరు మోటార్లక్కా.
గట్టున నిలబడి సద్దు వింటే చాలు,
బేరింగు పోయిందో, నీళ్లే అడుగంటినాయో చెప్పేస్తా.
మా మామకు చెవుడు.
చిన్నప్పట్నుంచీ ఆయన చెవులు నేనే."

కరెంటొచ్చింది.
పాత వాక్యం కొట్టేసి ఆ మాటే ఎక్కించినా.
తెర మీద చదువుకున్నాడు, మొహం చేటంతయింది.
అంతలోనే ముడుచుకుంది.
"నవ్వుతారేమో. పాతదే పెట్టక్కా."

పెట్టినా. ముప్పై తీసుకున్నా.
ఇంకొకరికి దారి చెప్పేంతదాన్నా నేను?

ఆ రెండో ఫైలు మాత్రం తీసెయ్యలేదు.
రాత్రి షట్టరు దించబోతా తెరిచినా.
వాడి పేరు చెరిపి నా పేరు కొట్టినా,
హేమావతి, డిగ్రీ, తిరుపతి.
లక్ష్యం దగ్గర ఆగిపోయినా.

గీత ఆరతా వెలగతా ఉంది.
బయట ఏదో ఆటో
స్టార్టు కాక మూలగతా ఉంది.
వాడుంటే చెప్పేసుండు,
లోపల ఏం పోయిందో.