గడియ

డండీలో మూడున్నరకే చీకటి.
లైబ్రరీ పైగదిలో హీటరు దగ్గుతోంది.
కౌన్సిల్ వాళ్లు నలుగురు, పిల్లలు తొమ్మిదిమంది,
రాసుకోవడానికి నేను.

ఊరి పటం పరిచి, ఎర్రచుక్కలు చేతికిచ్చి
"మీకెక్కడ భయం?" అన్నారు.
రేవు, వంతెన కింద, పార్కు వెనక సందు,
మేం ముందే అనుకుని వచ్చిన చోట్లన్నీ
ఖాళీగానే మిగిలాయి.

ఇనెస్ ఈతకొలను మీద అంటించింది.
"బట్టలు మార్చుకునే గదికి గడియ లేదు.
రెండేళ్లుగా చెబుతున్నాం."

కెమెరాలు పెంచుతామన్నాడు టై కట్టుకున్నాయన.
"అవి మమ్మల్ని చూస్తాయండీ,
చూసుకోవు."

అందరికంటే చిన్నది, పళ్లకి తీగ కట్టించుకున్నది,
పచ్చచుక్కలు లేవా అని అడిగింది.
బస్సుకి అంటించాలట.
మా తలుపు తెరుచుకునేదాకా
డ్రైవరు బండి కదపడు,
లైట్లు మా మెట్ల మీదే ఉంచుతాడు, అంది.
తిరిగే బస్సుని పటంలో ఎక్కడ పెట్టాలో
మాలో ఒక్కరికీ తెలియలేదు.

ఫెర్గస్ మాత్రం చుక్కని
పటం దాటించి బల్ల మీద నొక్కాడు.
"మా ఇల్లు ఇందులో లేదు."

హీటరు కూడా ఆగినట్టనిపించింది.

ఫారంలో 'పిల్లల అభిప్రాయం' కింద
రెండే గీతలు.
వెనక్కి తిప్పి రాశాను, అంచుల్లో రాశాను.
కుర్చీలు మడిచేసినా
షీనా ఇంకా అతని పక్కనే ఉంది,
ఏమీ అడగకుండా, కోటు తొడుక్కోకుండా.

బల్ల తుడవడానికొచ్చినామెకి
ఆ ఒక్క చుక్క వదిలేయమన్నాను.

వచ్చే నెల ఎజెండాలో మొదటి మాట:
గడియ.
రెండేళ్లు ఆలస్యం.