రెండు సెంట్ల మీద వల

పలమనేరులో, మూతబడిన పట్టుగూళ్ల కేంద్రం వెనకాల
మాకు తలా రెండు సెంట్లు.
కొలిచిన తాడు దొరసామిది,
గట్లు వేసింది మేము.
మొదటి యేడు నేను నాటింది వంగనారు,
తిన్నది నెమళ్లు.

నెమలిని కొట్టకూడదు. తిట్టొచ్చు.
తిట్టినాను.
అది పురి విప్పి చూపించింది.

అందుకని చీరలు.
ఎవరింట్లో చూసినా పెట్టె అడుగున
కట్టనూ లేనివి, పారేయనూ లేనివి
రెండు మూడు ఉంటాయి గదా.
మాబున్నీ ఆకుపచ్చ నైలాన్ తెచ్చింది,
నేను మా అత్త పసుపు వాయిల్.
గుంజకీ గుంజకీ లాగి కట్టినాక
గాలికి ఉబ్బి, తగ్గి, మళ్లా ఉబ్బి
బెంగళూరు బస్సులో కిటికీ పక్క కూర్చున్నోళ్లు
ఈడేదో పెండ్లనుకొనుంటారు.

రాత్రిపూట వచ్చే పందులకు రంగు తెలియదు,
మనిషి వాసన తెలుసు.
ఎన్ని ఉతుకులైనా అత్త ఆ చీరలోనే ఉన్నట్టుంది,
పసుపు పక్క ఒక్క అడుగూ పడలేదు.
బతికినప్పుడూ అంతే,
ఆమె వంటింటి గడప
అడక్కుండా నేను దాటింది లేదు.

కేంద్రం షెడ్డులో
పట్టుపురుగులు గూడు కట్టుకునే వెదురు చంద్రికలు
చెదలు పట్టి పడుంటే
వాచ్‌మన్‌ను బతిమాలి నాలుగు తెచ్చుకున్నా.
రెండేసి ఆనించి నారు మీద గుడారాలు నిలబెట్టినా.
మామిడి పిందెలు రాలగొట్టిన ఆ వడగళ్ల సాయంత్రం
లోపల ఒక్క ఆకూ చిరగలేదు.
నీళ్ల క్యాన్లు అడుగు కోసి
మిరప మొక్కలకు టోపీలు పెట్టినా.
మధ్యాన్నం తియ్యడం మరిస్తే మొక్క ఉడుకుతుంది.
ఒకటి ఉడికింది.
ఎవరికీ చెప్పలేదు.

రెండో యేడు కాకర పందిరికి
చిత్తూరు నుంచి కేజీల లెక్కన కొన్న వల.
పిగిలిపిట్ట దూరలేదు, పండుఈగ దూరలేదు.
పూలు తెల్లారి విచ్చుకొని
సందకాడికి ఊరికే రాలిపోతా వచ్చినాయి.
రెడ్డెమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని చూసి
“తేనెటీగకు తలుపేది మేయ్?” అనింది.

ఆ పొద్దు నుంచి నేనే ఈగనైనా.
వల ఎత్తి దూరి, మగపూవు తుంచి
ఆడపూవు నోటికి తాకించి, మళ్లా ఇంకోటి.
మందుల అంగడికి రోజూ ఆలస్యం,
బిల్లు కాగితాల మీద పసుపు వేలిముద్రలు.

అట్లాంటి ఒక తెల్లారి
వలలో జెర్రిపోతు.
నా కంటే పొడుగుంది.
ముందుకు తోసుకొనే కొద్దీ దారం పొలుసుల్లోకి దిగింది,
వెనక్కి రావడం దానికి చేత కాలేదు.
దొరసామి కర్ర తెచ్చినాడు.
కర్ర వద్దు, కత్తెర ఇయ్యండి అన్నా.
మాబున్నీ రవికెలు కత్తిరించే కత్తెర అది.
దొరసామే తడి గోనె తల మీద కప్పి పట్టుకున్నాడు,
చేతులు వణుకుతా ఉండాయి, మాట మాత్రం గట్టిగా
“బిన్నా కానీ, బిన్నా కానీ”.
ఒక్కో దారం తెగినప్పుడల్లా
ఆ ఒంట్లోకి వేలెడు ఊపిరి దిగడం
నా గోళ్లకు తెలిసింది.
గోనె తియ్యగానే
రెడ్డెమ్మ సెనక్కాయల్లో ఎలక బొక్కల దిక్కు
థ్యాంక్స్ చెప్పకుండా పోయింది.

వలకు జానెడు చిల్లి.

సూదీ దారం పట్టుకొని కూర్చున్నా కుట్టేద్దామని.
తేనెటీగ ఒకటి వచ్చి
చిల్లి అంచు మీద వాలి రవంత యోచన చేసి
లోపలికి పోయింది.
ఎంతసేపటికీ రాలేదు.
వచ్చినప్పుడు కాళ్లు పసుపు.
సూది రవికెకు గుచ్చుకొని లేచినా.

ఇప్పుడు కాయలుండాయి.
కొన్ని పిట్ట పొడిచినవి, కొన్నిట్లో పురుగు,
తక్కినవి మాకు చాలు. చేదు తగ్గలేదు.

అత్త చీర మాత్రం అంచులు పీలికలైపోయింది.
రాత్రి పెట్టె తెరిచి
అడుగున నాది, నీలంది, బయటికి తీసినా.
దీపం వెలుగులో పైట చెంగు చూసి
ఇంకో రెండేండ్లు కట్టొచ్చులే అని
మడత పెట్టి అక్కడే ఉంచినా.