ఎర్ర తీగ చుట్టిన పెనం

డాక్టరమ్మది సూడాన్ దేశం.
నాకు ఇంగ్లీషు రాదని
చీటీ మీద గోధుమ కంకి గీసి
అడ్డంగ రెండు గీతలు కొట్టింది.
బతాకా వెనుక పెట్టుకున్న.

రెండేండ్లు ఈ సోహార్ క్యాంపుల
ఒక్కొక్కడు ఒక్కో రోగం పేరు పెట్టిండు.
టీబీ అన్నరు. దిష్టి అన్నరు.
బెల్టుకు కొత్త తూటు పొడుస్తుంటె
"ఇల్లు యాదికొస్తుందా గంగరాజం"
అని నవ్విండు ఫోర్మన్.
మూడు పూటల తినే కుబ్బూస్ మీద
ఎవ్వలికీ అనుమానం రాలేదు.

ఇప్పుడు తెలుస్తుంది అదెక్కడెక్కడ దాక్కుంటదో:
సేమ్యాల, సాంబారుల ఏసిన డబ్బా ఇంగువల,
రంజాన్ రాత్రి ప్రేమగ పెట్టిన హరీసుల.
వద్దంటె పొగరనుకుంటరు.

మెస్సుల గుల్‌జమాన్,
నాన్ లేనిది తిండే కాదనే పఠాన్,
మోచేతుల దాక పిండి కడుక్కొని
నా జొన్నరొట్టె తిప్పుతడు.
అది ఇరిగితె పష్తోల తిట్టుకుంటడు.
నా పెనం పిడికి ఎర్ర తీగ చుట్టిండు,
దాని మీద ఎవడన్న పరోటా ఏస్తె
చేతులు ఇరుగగొడ్తడట.

నిన్న క్రేన్ నడిపే ఖల్ఫాన్
బిడ్డను తీసుకొచ్చిండు. రయ్యా, ఏడేండ్లది.
దానిది గూడ నా రోగమే.
నా పళ్లెం దిక్కు పోలీసోని లెక్క చూసి
బిస్కెట్ పాకిట్ మీద
కొట్టేసిన కంకి బొమ్మ చూపెట్టింది.
నేను బతాకా తిప్పి నా చీటీ చూపెట్టిన.

రెండు బిస్కెట్లు లెక్కపెట్టి ఇచ్చింది.
మూడోది ఇయ్యలేదు.
అవి ఎంత కష్టంగ దొరుకుతయో
మా ఇద్దరికే ఎరుక.