బిందె లెక్క

బంగారుపాళ్యం దాటినాక
ముక్కే చెప్తాది ఇది జూన్ నెలని.
గుజ్జు ఫ్యాక్టరీ వెనకాల
తొక్క ఒక దిబ్బ, టెంక ఒక దిబ్బ,
మండలంలో ఉండే ఈగలన్నీ ఆడనే.

బెంగుళూరా కాయని కోస్తే
గుజ్జు డబ్బాల్లో కూర్చుని ఓడ ఎక్కిపోతాది.
తొక్కా టెంకా నాకొస్తాయి.
పోయినేడు ధర పడిపోయినప్పుడు
కాయకి కాయే వచ్చింది,
ట్రాక్టర్లోంచి నేరుగా గుంతలోకి.
తోలుకొచ్చిన రైతు తిరిగి చూడకుండా పోయినాడు.
నేను ఒకటి తీసి పంచెకి తుడుచుకుని కొరికినా.
తియ్యగానే ఉండింది.
అదే బాధ.

ముప్పై ఏండ్లు బెల్లం గానుగ కాడ
చెరుకు పిప్పి ఎగదోసినోణ్ణి.
మంట రంగు చూసి పాకం చెప్పేవాణ్ణి,
మొగిలప్ప దించమంటే దించాల్సిందే.
ఇప్పుడు చేసే పనిలో మంటే కనపడదు.
రబ్బరు గుమ్మటం కింద, గాలి చొరని చీకట్లో
కంటికి ఆనని పురుగులు తొక్కని మేస్తాయి.
చూలావు పొట్టకి చెవి ఆనించినట్టు
పొద్దున్నే ట్యాంకుకి చెవి ఆనిస్తా.
గుడగుడ వినపడితే టీ తాగుతా.

షాహీన మేడం పలమనేరు నుంచి స్కూటీలో వస్తాది.
"ఈ గ్యాసులో నూటికి అరవై పాళ్ళే మండేది మొగిలప్పా.
తక్కిన నలభై ఉత్త బొగ్గుపులుసు గాలి,
ఇన్నాళ్ళూ ఆకాశానికి వదిలేసినాం" అనింది.
నలభై పాళ్ళా!
మండీలో నూటికి పది తరుగు తీస్తే
చొక్కాలు చించుకున్నోళ్ళం మేము.

అందుకే రేకుల మీద ఆ నల్ల పలకలు.
చిత్తూరు ఎండ, ఎవురికీ అక్కర్లేని ఎండ,
వాటి మీద పడి, తీగలో పారి,
గాజు గదిలో నీళ్ళని రెండుగా చీలుస్తాది.
హైడ్రోజన్ బుడగలు బుడగలుగా
ట్యాంకు అడుక్కి దిగుతాది.
మండని నలభైని అది చెయ్యి పట్టుకుంటే
పురుగులు రెండిట్నీ కలిపి మండే గ్యాసు చేస్తాయంట.
పెండ్లి పెద్దలు పురుగులు!
నవ్వినా గానీ,
ఆ సాయంత్రం మీటరు ముల్లు అరవై దాటి
డెబ్బై దాటి ఎక్కతా ఉంటే
పాకం తీగ సాగినప్పటి మాదిరి
వేళ్ళు వాటంతట అవే కదిలినాయి.

మబ్బు పట్టిన రోజు
గాజు గది మూగదైపోతాది.
ముల్లు మళ్ళీ అరవైకి జారతాది.
ఆ రోజు మేడం ఎవురితోనూ మాట్లాడదు.

సంపూర్ణక్క ఒక్కతే అడిగింది.
గోడవతల చేను ఆమెది.
ఆరునూర్ల అడుగులు, తొమ్మిదినూర్లు, పదకొండునూర్లు,
మూడు బోర్లు వేయించింది.
మూడోదాంట్లో దుమ్ము లేచింది,
ఆ దుమ్ము ఇంకా ఆమె మాటలో ఉండాది.
"మీ మిషను దినానికి ఎన్ని బిందెలు తాగతాదమ్మా?"

మేడంకి లీటర్లు తెలుసు, బిందెలు తెలీవు.
నేల మీద కూర్చుని లెక్క వేసింది.
కిలో గాలికి ఒక బిందె,
శుద్ధి చేసేదానికి ఇంకో అర బిందె.
"అదీ కాయలు కడిగిన నీళ్ళేనక్కా,
బోరు నీళ్ళు ముట్టుకోం."

"కాయలు కడిగేది రెండు నెలలే కదా.
తక్కిన పది నెలలు?"

మేడం నోటుబుక్కులో ఏదో రాసుకునింది.
కొట్టేసింది.
మళ్ళీ రాసింది.

సంపూర్ణక్క రెండు బిందెలు తెచ్చింది ఆ రోజు.
ఒకదాంట్లో ట్యాంకు నుంచి దిగిన నల్ల చిక్కని ఎరువు
చేనుకి పట్టుకుపోయింది.
రెండోది, ఇత్తడిది, మూతి సొట్టపోయింది,
గాజు గది వాకిట్లో పెట్టింది.
"లెక్క తేలేదాకా ఇది ఈడనే ఉంటాది" అనింది.

ఇప్పుడు బాయిలర్లో మంట నీలంగా ఉండాది.
పొగ లేదు, బూడిద లేదు,
ఏ రంగుకి ఏ పాకమో
నాకింకా చదవను రాలేదు.
షిఫ్టు మారేటప్పుడు మేడం మీటరు చూస్తాది.
నేను వంగి బిందెలోకి చూస్తా.