వదులు తీగ

బల్బు మూడుసార్లు మార్చిందట లామారా,
నాలుగోది కొనేముందు నన్ను పిలిచింది.
తిబిలిసీలో ఎనిమిదో అంతస్తు,
పొయ్యి మీద లోబియో కుతకుతలాడుతోంది.

"లిఫ్టు కదిలితే చాలు, కన్ను కొడుతుంది సిగ్గులేనిది!"
నిజమే. కింద ఎవరో నాణెం వేశారు,
ఎక్కడో ఇనుము మూలిగింది,
వంటగది ఒక్క రెప్ప వేసింది.

బల్బునేం తిడతావమ్మా,
అది చాడీ చెబుతోంది అంతే.

మెయిన్ ఆపి మెట్ల దగ్గరి డబ్బా తెరిచాను.
న్యూట్రల్ స్క్రూ కింద తీగ
మసిబారి, పాలపన్నులా ఊగుతోంది.
ఇంకో శీతాకాలం ఆగితే
గోడే నోరు తెరిచేది, పొగతో.

కాలిన కొస కత్తిరించాను.
రాగి ఎర్రగా నవ్వేదాకా గీకాను.
బిగించాను, మణికట్టు నొప్పెట్టేదాకా.

లిఫ్టు మళ్ళీ కదిలింది.
దీపం ఉలకలేదు, పలకలేదు.
లామారా గరిటె పట్టుకుని
దాన్నే చూస్తూ నిలబడింది.

"రాత్రి డ్యూటీ దిగి గోచా వస్తున్నాడంటే
ఈ రెప్పపాటే చెప్పేది నాకు.
వాడు తలుపు చేరేలోగా గిన్నె వేడెక్కేది."

నా దగ్గర దానికి స్క్రూ లేదు.

కూలి ఐదు తక్కువిచ్చింది,
లోబియో రెండు గరిటెలు ఎక్కువ వేసింది.