ఏడో గీత

ఉప్పుగాలి ఊళ్ళో రాగి ఎక్కువ కాలం ఎర్రగా ఉండదు.
కంచరపాలెం మెట్టు దగ్గర నా బల్ల మీదికి వచ్చేవన్నీ
ముందు పచ్చబడతాయి, తర్వాత మూగబోతాయి.

దాలినాయుడు తెచ్చింది అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది,
పాటల డబ్బా.
మూత మీద ఎర్ర పెయింటు చుక్క,
ఓడల అడుగున వేసే రకం, గోకినా పోదు.
"పాడ్డం లేదమ్మా" అన్నాడు.
నా ఇయర్‌ఫోన్ పెట్టి చూశాను.
"పాడుతోంది కదా నాయుడుగారూ, కుడి వైపొక్కటే లేదు."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.
చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు.
"అయితే నా సెవి బాగానే ఉందన్నమాట."

ముప్పై ఏళ్ళు డ్రైడాకులో తుప్పు కొట్టాడట,
సుత్తి ఎప్పుడూ ఎడమ పక్కనే మోగేదట.
ఎడమ చెవి ఆయనకన్నా ముందే రిటైరైంది.
సన్న శబ్దాలు ముందు పోతాయని
ఈఎస్ఐ డాక్టరు ఎప్పుడో అన్న మాట ఒకటి లోపల ఉండిపోయింది.
కుక్కరు కూత వినిపిస్తోంది, రైలు వినిపిస్తోంది, పాటే లేదు.
ఇలాగే మొదలవుతుంది కాబోలనుకుని
పది రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నాలుగు మరలు వచ్చాయి, అయిదోదానికి తల అరిగింది.
లోపల రెండు పలకల మధ్య రిబ్బను కేబులు:
తేనెరంగు, ఉల్లిపొర మందం, దాని మీద పన్నెండు గీతలు.
మడత పడే చోట ఏడోది తెగింది.
తెగినట్టు కనబడదు.
భూతద్దం కింద, దీపం వాల్చి చూస్తే
వెంట్రుకవాసి నలుపు.

కొత్తది దొరకదు, చేసిన కంపెనీయే లేదు.
దువ్వాడ జోన్‌లో తొమ్మిదేళ్ళు కాయిల్స్ చుట్టాను నేను.
ఆ కంపెనీ కూడా లేదు.
వేళ్ళు మాత్రం ఇంకా చుట్లు లెక్కపెడుతుంటాయి, నిద్రలో.

బ్లేడు మొనతో పొర గీకాను
ఊపిరి బిగబట్టి, ఆరుకీ ఎనిమిదికీ తగలకుండా.
పాత ట్రాన్స్‌ఫార్మర్ లోంచి ఒక పోగు లాగి
వార్నిషు అగ్గిపుల్లకి కాల్చి, తగరం పూసి,
గుగ్గిలం ముక్క మీద సోల్డరింగు మొన ఆనించేసరికి
శనివారం సాయంత్రం ఇంటి వాసన.

సరిగ్గా అప్పుడే బొగ్గు బండి. బల్ల వణికింది.
చెయ్యి పైకెత్తి ఆగాను, పెట్టెలు లెక్కపెడుతూ.
యాభై ఎనిమిది.
నాయుడూ లెక్కపెట్టాడు. ఆయనకి యాభై ఏడొచ్చాయి.
ఒక పెట్టె గురించి ఇద్దరం కాసేపు వాదించుకున్నాం.

తర్వాత రెండు చుక్కల తగరం,
ఒకటి అవతలి ఒడ్డున, ఒకటి ఇవతల.

కుడిది ఆయన పెట్టుకున్నాడు.
ఎడమది నాకు చాచాడు, "ఇది నాకెందుకు, నువ్వినమ్మా."
జముకుల కథ.
ఆయన వైపు కథ చెప్పే గొంతు, నా వైపు జముకూ వంతలూ.
రికార్డు చేసినవాడెవడో
అన్నదమ్ముల పొలంలా గట్టు వేసి పంచేశాడు.
"నీ కాడ ఏటొస్తంది?"
"జముకు."
"జముకుందా?"
నా మొహం వైపు చూశాడు, మోసం చేస్తున్నానేమోనని.
"ఇప్పుడోళ్ళు జముకు మానీసినారనుకున్నానమ్మా.
ఆరేళ్ళబట్టీ తిట్టుకుంటన్నాను ఆళ్ళని."

మూత పెట్టబోతున్నదాన్ని మళ్ళీ తీశాను.
నువ్వుగింజలంత రెసిస్టర్లు రెండు వేసి
ఎడమనీ కుడినీ జాక్ దగ్గర కలిపేశాను.
జోన్‌లో ఇలా చేస్తే
ఎర్ర స్టిక్కరు అంటించి పక్కన పడేసేవారు.

కళ్ళు మూసుకున్నాడు. మోకాలి మీద వేలు కదిలింది,
ముందు తప్పు తాళంలో, తర్వాత సరిగ్గా.

నూట యాభై అడిగాను. వంద ఇచ్చాడు.
"ఒక్క గీతే కదా."

కుడిది చెవిలో, ఎడమది చొక్కా మీద వేలాడుతూ
రైలు గేటు దాటి వెళ్ళిపోయాడు.
ఆ వేలాడేదాంట్లో కూడా ఇప్పుడు
కథంతా ఉంది,
బొత్తాములకి చెప్పుకుంటూ.