ఎనభై దాటినంక

రాత్రి రెండున్నర.
ముహైస్నాల సూపర్ మార్కెట్ ఎనుక
పచ్చరంగు పూసిన రెండే రెండు గళ్లు.
నడుమ ఒక స్తంభం, దానికి రెండు గన్నులు.
ఒకటి పదిరోజుల సంది పాడు.
ఎవరో దాని మూతికి పాలసంచి తొడిగి
రబ్బరు బ్యాండు ఏసిపోయిండ్రు,
తెల్వనోడు బండి తిప్పి, రివర్సు కొట్టి,
దిగి తిట్టుకునే పని లేకుంట.
ఎవరో గని, కడుపు సల్లగుండ.

నా బండిల పదకొండు శాతం.
నాలుగింటికి టెర్మినల్ మూడు,
ఇద్దరు మనుషులు, నాలుగు పెట్టెలు.
బాగున్న గన్ను కాడ తెల్లబండి.
స్క్రీను మీద తొంభై ఆరు.
ఒక సిగరెట్టు అయిపోయింది, తొంభై ఆరే.
ఎనభై దాటినంక కరెంటు
మడి చివరి మూలకు పారే నీళ్ల లెక్క,
పోతున్నట్టే ఉంటది, పోదు.

అద్దంల తొంగిచూసిన.
సీటు ఎనుకకు వాల్చి
నోరు తెరిచి పండుకున్నడు.
కండ్ల మీద కర్చీఫు, ఎద మీద ఫోను,
డ్యాష్‌బోర్డు మీద సగం తిన్న రొట్టె.
అంగి జేబు మీద పేరు: జర్వలీ.
నాది అదే రంగు అంగి, వేరే కంపెనీ.

మా దిక్కు యూరియా లారీ వచ్చిననాడు
సొసైటీ ముంగట మనుషులు నిలవడరు,
చెప్పులు నిలవడ్తయి.
ఒకటి ఉంగటం తెగింది, ఒకటి ఆడోళ్లది,
ఒకటి బడిపిల్లగానిది, తాత పంపిండు.
మనిషి చాయకు పోయినా, నీడకు పోయినా
ఆ చెప్పును ఎవ్వడు జరపడు.
జరిపినోని పేరు
మల్ల పంట దాక నోళ్లల్ల నానుతది.

ఇక్కడ బండే చెప్పు.
లోపల మనిషున్నా లేకున్నా
అద్దాలకు ఉక్క పట్టి ఒక్కతీరే కనవడ్తది.

వంద పడ్డది.
స్తంభం మీది లైటు రంగు మారింది.
ఇగ నిమిషానికి ఒక దిర్హం.
ఆ దిర్హం కంపెనీ కట్టదు, నాకెరుక.
నెలాఖరున జీతం కాగితంల
అడుగున ఒక చిన్న వరస వస్తది, అంతే.
లేపితే నిద్ర పోతది,
లేపకుంటే పైసలు పోతయి.
నీకు ఏది పోతే ఓర్సుకుంటవని
పండుకున్నోన్ని ఎట్ల అడుగుడు?
అబద్ధమెందుకు, ఈ జాలిల
నా పదకొండు శాతం కూడ ఉంది.

రెండు నిమిషాలు ఆగిన. రెండు దిర్హాలు.
అప్పుడు అద్దం మీద కొట్టలే,
గోటితోని గీకిన,
బాలింత ఇంటి తలుపు తట్టినట్టు.

ఉలిక్కిపడి లేచి, కండ్లు తెరవకముందే
"సారీ సార్, సారీ సార్" అన్నడు.
నా అంగి చూసి నవ్విండు.
"ఎంతయింది భాయ్?"
"రెండే."
"రెండా! పోయిన వారం ముప్పై నాలుగు.
ఆ రోజు నలుగురు వచ్చిపోయిండ్రంట,
పాపం పండుకున్నడని
ఒక్కడూ లేపలే."

గన్ను తీసి కొక్కానికి తగిలియ్యలే,
నా చేతుల పెట్టిండు.
పిడి ఇంకా వెచ్చగుంది.
పోతూ పోతూ తల బయట పెట్టి
"మూడుంబావుకు ఒక నర్సమ్మ వస్తది,
నీలం బండి. చూసుకో" అన్నడు.

ఎనభై దాక ఉందామనుకున్న.
యాభై ఎనిమిది కాడ నీలం బండి వచ్చింది.
హారను కొట్టలే.
నా కండ్లల్ల పడకుంట హెడ్‌లైట్లు ఆర్పింది,
దూరంగ ఆగింది, అటు మొగం పెట్టుకుంది,
చూస్తలేనన్నట్టు.
ఆ చూడకపోవుడే నన్ను కూసోనియ్యలే.

టెర్మినల్ మూడుకు పోను రాను ఇరవై చాలు.
మిగిలిందంత నా భయం,
దాన్ని నింపాల్నంటే ఏ గన్నూ సరిపోదు.
అరవై రెండు కాడ తీసేసిన.
బర్రె పలుపు గుంజకు చుట్టినట్టు
కేబులు ఇసుకల పడకుంట చుట్టి
ఆమెకు చెయ్యి ఊపిన.

బండెక్కబోతుంటే
పాడైన గన్ను మీద పాలసంచి
ఉక్కగాలికి టపటప కొట్టుకుంటుంది.
రబ్బరు బ్యాండు వదులైంది.
ఆగి, ఇంకొక్క చుట్టు తిప్పి పోయిన.